గీత లోపల పడిన రుచి

నేను ఒక కలాన్ని. సిరా లేదు, కాగితం మీద రాస్తే గీత పడదు. నల్లటి పలక మీద నా మొన ఆనించి కదిపితే ఎదురుగా కంప్యూటర్ తెర మీద గీత పడుతుంది. తలకిందులు చేసి రుద్దితే పడిన గీత చెరిగిపోతుంది. గీయడానికని నన్ను కొంటారు గాని, మనుషుల చేతుల్లో నాకు ఎక్కువ పని చెరపడమే.

ఏ దేశంలో పుట్టానో నాకే సరిగా తెలియదు. కళ్లు తెరిచేసరికి కాకినాడలో, శేషు ఫ్లెక్సీల దుకాణంలో ఉన్నాను. పుట్టినరోజులు, పదవులు, పెళ్లిళ్లు, పెద్దకర్మలు అన్నీ అక్కడికే వచ్చేవి. ఫోటోలో మనిషి చుట్టూ గీత గీసి, వెనకాల ఉన్న గోడనీ కరెంటు స్తంభాన్నీ తీసెయ్యడం శేషు పని. గీత రవ్వంత లోపలికి జరిపితే చాలు, ఎంతటి నాయకుడి పొట్టయినా తగ్గిపోయేది. ఒకసారి ఒకాయన చెవి సగం ఎగిరిపోయింది. "పోతే పోయిందిలే, ఆయన ఎలాగూ ఎవరి మాటా వినడు" అన్నాడు శేషు. అవీ నా మంచిరోజులు. అప్పట్లో తప్పు గీసినా నవ్వుకునేవాళ్లు.

శేషు అక్క వకుళ క్యాన్సర్ డాక్టరు. రోజంతా మౌసు పట్టుకుని స్కాన్ల మీద గీతలు గీసీ గీసీ ఆవిడ మణికట్టు వాచిపోయింది. ఒకనాడు దుకాణానికి వచ్చి, "ఒరేయ్, నీ దగ్గరుంటే ఇది నాయకుల పొట్టలు కోసుకుంటూనే బతుకుతుంది. నాకియ్యరా" అంది. అలా ఆసుపత్రి పాలయ్యాను.

అక్కడి పని ఇదీ. రేడియేషన్ ఇచ్చేముందు రోగికి స్కాన్ తీస్తారు. అరటిదూటని చక్రాలు తరిగినట్టు ఆ మనిషి లోపలంతా పలచటి బిళ్లలుగా తెర మీదికి వస్తుంది. ఒక్కో బిళ్ల మీదా గడ్డ ఎక్కడిదాకా పాకిందో చూసి చుట్టూ గీత గియ్యాలి. గీత లోపల ఉన్నది కాలుతుంది. బయట ఉన్నదాన్ని యంత్రం చేతనైనంత మేరకు కాపాడుతుంది. దుకాణంలో ఉన్నప్పుడు గీత ఇంత బరువుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మేడిశెట్టి పేర్రాజుగారు వకుళ గదిలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చుట్టుపక్కల పేరున్న వంటమేస్త్రి. శేషు పెళ్లికి వండింది ఆయనే. ఆయన పనసపొట్టు కూర తను మారు వేయించుకుని తిన్న సంగతి వకుళే గుర్తు చేసింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"అదండీ లెక్క! బాగుందండీ అంటే నేను నమ్మనండి. మర్యాదకి ఎవరైనా అంటారు. మారు అడిగితేనే నమ్ముతాను."

గొంతులో కుడివైపు, నాలుక మొదట్లో గడ్డ. రేడియేషన్‌తో తగ్గే అవకాశం ఉందని, కాని నోరు ఎండిపోవచ్చని, రుచి పోవచ్చని, పోయింది తిరిగి రాకపోవచ్చని వకుళ దాచకుండా చెప్పింది. పేర్రాజుగారు కుడి అరచెయ్యి ఆవిడ ముందు చాపారు.

"ఇక్కడ ఓ చుక్క పులుసు వేసుకుని నాలిక్కి తగిలించానంటే, ఎన్ని గుండిగలకైనా ఉప్పెంత పడాలో చెప్పేస్తానండి. నాకొచ్చిన విద్య అదొక్కటేనండి. గొంతు పోతే పోనివ్వండి, కేకలెయ్యడానికి మా ఆవిడుంది. నాలిక మాత్రం వదిలెయ్యండి డాక్టరమ్మగారూ."

"చేతనైనంత చూస్తానండీ" అంది వకుళ.

మర్నాడు వకుళ ఆయన స్కాన్ ముందు కూర్చుంది. చాలామేర గీత సాఫీగానే సాగింది. నాలుక దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. పేర్రాజుగారు ఎప్పుడో పుచ్చిన దవడపంటికి వెండి నింపించుకున్నారు. స్కాన్‌లో ఆ వెండి కొట్టిన మెరుపుకి చుట్టుపక్కలంతా తెల్లచారలూ నల్లనీడలూ కమ్ముకున్నాయి. ఆ నీడలో గడ్డ ఉందా, ఉత్త నీడేనా? ఇంకో రకం స్కాన్ తీయించింది. గొట్టం వేసి చూసింది, వేలు పెట్టి తడిమింది. ఎందులోనూ తేలలేదు. ఇంత చదువు, ఇంత యంత్రం, చివరికి పంటిలో ఆవగింజంత వెండి దగ్గర ఆగిపోయాయి.

ముందు నీడకి ఇవతలే గీసింది. నాలుక చాలావరకు బయటే మిగిలింది. ఆవిడ చెయ్యి అప్పుడు ఎంత తేలిగ్గా ఉందో నాకు తెలుసు. తెరకేసి అలాగే చూస్తూ కూర్చుంది. "గడ్డని వదిలేస్తే మనిషే ఉండడు" అని తనలో తను అనుకుంది. నన్ను తలకిందులు చేసింది. గీసినదంతా చెరిపి, నీడని కూడా కలుపుకుంటూ మళ్లీ గీసింది. ఈసారి నన్ను ఎంత గట్టిగా అదిమిందంటే నా మొన అరిగింది. పెద్ద డాక్టర్లు చూసి, సరిగ్గా గీశావన్నారు. ఆవిడ సంతోషించలేదు.

గడ్డ పోయింది. ఏడాది తిరిగినా దాని జాడ లేదు. వైద్యం పనిచేసినందుకు అందరూ పండగ చేసుకున్నారు. అన్నం తింటే తడిపిన అట్టముక్కలా ఉంటోందని పేర్రాజుగారు ఒక్కసారి చెప్పి ఊరుకున్నారు.

ఒకరోజు పొద్దున ఆయన స్టీలు క్యారేజీ పట్టుకుని గదిలోకి వచ్చారు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"మాఘమాసంలో ఓ పెళ్లి వంటకి అడుగుతున్నారండి. నాలిక కాస్త వచ్చినట్టే ఉందండి, నమ్మకం చాలడం లేదు. ఇంట్లోవాళ్లు నా మొహం చూసి బాగుందనేస్తారు. అందుకని ముందు మీ దగ్గరికే తెచ్చాను. ఉన్నమాట చెప్పండి."

పనసపొట్టు కూర. ఆవ ఘాటు గదంతా గుప్పుమంది. మూతలో పెట్టుకుని వకుళ ఒక ముద్ద నోట్లో వేసుకుంది. నన్ను రెండో చేతిలో పట్టుకునే ఉంది. వేళ్లు బిగుసుకున్నాయి. ఉప్పు కషాయం! నాకు నోరు లేదు, అయినా ఆ చెయ్యి చెప్పింది. కొంచెం కొంచెంగా మింగింది. మంచినీళ్ల సీసా పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

"ఎలాగుందండీ?"

వకుళ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. మూత ముందుకు జరిపింది. "ఇంకొంచెం పెట్టండి పేర్రాజుగారూ."

ఆయన పెట్టారు. ఆవిడ అదీ తింది. అయ్యో, ఆ చిన్న అబద్ధం కోసం ఆ పిచ్చితల్లి ఎంత ఉప్పు మింగిందో! పేర్రాజుగారు క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి నెమ్మదిగా బిగించుకున్నారు.

"ఆ పెళ్లి ఒప్పుకోన్లెండి" అన్నారు.

"అదేంటండీ, మారు అడిగానుగా!"

"అడిగారండి. ముప్పై ఏళ్లు పంక్తుల్లో తిరిగినోణ్ణి కదండీ. మారు అడిగేవాడు ఆకుకేసి చూస్తాడు, వంటోడి మొహంకేసి చూడడు." ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. "బతికించారు, అది చాలండి. మీరేమీ మనసులో పెట్టుకోకండి." దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

వకుళ అప్పుడు నీళ్లు తాగింది. తాగుతూనే ఏడ్చింది. తరవాత పేర్రాజుగారి పాత స్కాన్ తెరిచింది. నీడని చుట్టిన గీత అలాగే ఉంది. దాని లోపల, తను మొదట గీసి చెరిపేసిన గీతని నాతో మళ్లీ గీయించింది. రెండు గీతల మధ్య చిటికెన వేలి వెడల్పు కూడా లేదు. అక్కడ గడ్డ ఉండేదో లేదో ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కాల్చేశాక వెతకడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు గీతలు తనంతట తానే గీసే యంత్రం ఆ గదిలోకి వచ్చింది. నేను రీఫిల్ అయిపోయిన పెన్నులతో పాటు డబ్బాలో ఉంటాను. యంత్రం గీసినదాన్ని వకుళ దిద్దాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్ను తీస్తుంది. నాలుక దగ్గరికి వస్తే ఇప్పటికీ ఆవిడ చెయ్యి ఆగుతుంది. కాసేపాగి, అనుమానమున్న చోటుని కూడా కలుపుకుంటూ గీత బయటికే గీస్తుంది.