మూడో నంబరులో ఇంకెవరో

బావ ఈ వారమంతా ఇంట్లోనే ఉన్నాడు. కూర్చోడు, పడుకోడు. కిటికీ దగ్గరికి వెళ్లి సైటు వైపు చూస్తాడు, వెనక్కి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. అతను నడిపే టవర్ క్రేన్ మా కిటికీలోంచి కనబడుతుంది. ఇప్పుడు దాని మీద వేరే మనిషి ఉన్నాడు.

జరిగింది ఇదీ. ఇనప చువ్వల కట్టను స్లాబు మీదుగా వేలాడదీసి బావ ఆగి ఉన్నాడు. కింద సిగ్నల్ మనిషి చెప్పేదాకా దాన్ని కదపకూడదు. వాకీటాకీలో "దించు" అని వినబడింది. దించాడు. కింద ఉన్నవాళ్లు ఇంకా పక్కకు తప్పుకోలేదు. సిగ్నల్ మనిషి దూకి బతికిపోయాడు, కాలు బెణికింది. తాను ఆ మాట అననే లేదని ఒట్టేసి చెప్పాడు. కింద ఎవరి వాకీటాకీలోనూ అది వినబడలేదు. బావ ఒక్కడే విన్నాడు.

సోమవారం చెవుల డాక్టరు పరీక్ష చేస్తాడు. చెవులు బాగోకపోతే చెవుడని తీసేస్తారు, బాగుంటే నిర్లక్ష్యమని తీసేస్తారు. ఎటు చూసినా బావ క్రేన్ దిగడమే.

అక్క ఆ పరీక్ష ముందే మొదలుపెట్టింది. వంటగదిలో గిన్నె తోముతూ, గొంతు బాగా తగ్గించి, "ఈయనకి బుర్ర లేదు" అంది.

"చెవులున్నాయి" అన్నాడు బావ కిటికీ దగ్గర్నుంచి.

నాకు నవ్వొచ్చింది కానీ అక్క మొహం చూసి ఆపుకున్నాను.

నేను వాకీటాకీలు బాగుచేసే కొట్లో పనిచేస్తాను. "ఆ గొంతు మీ సిగ్నల్ మనిషిదేనా బావా?" అని అడిగాను.

"ఆ డబ్బాలో అందరి గొంతూ జలుబు చేసినట్టే ఉంటుంది. దించు అంటే దించడమే. నువ్వెవరు బాబూ అని అడుగుతూ కూర్చుంటామా?"

"మీ ఫ్రీక్వెన్సీ ఏది?"

"మూడు."

"అది డబ్బా మీది నంబరు. ఫ్రీక్వెన్సీ కాదు."

"సైటు మొదలైనప్పట్నుంచీ మాది మూడే. అందరికీ తెలుసు."

అక్కడే నాకు మనసు పీకింది. అందరికీ తెలిసింది ఆ అంకె మాత్రమే. అదే రకం సెట్లు కొనుక్కున్న ఎవరైనా మూడుకి తిప్పితే ఇదే ఫ్రీక్వెన్సీలోకి వస్తారు. వాళ్ల మూడూ వాళ్ల సొంతమే అనుకుంటారు.

మర్నాడు కొట్టు యజమానిని అడిగి స్కానర్ తీసుకుని సైటు గేటు దగ్గర కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెబితే మధ్యలో ఉన్న ఫ్రీక్వెన్సీలన్నిటినీ అది తడుముకుంటూ పోతుంది. ఎవరైనా మాట్లాడుతున్న చోట టక్కున ఆగుతుంది. టాక్సీ వాళ్ల దగ్గర ఆగింది. వద్దని ముందుకు తోశాను. పెద్ద దుకాణం కాపలాదారుల దగ్గర ఆగింది. మళ్లీ తోశాను. 

చివరికి "ఎడమకి... ఇంకాస్త... చాలు" అని వినబడింది. కంచె అవతల సిగ్నల్ మనిషి పెదవులు సరిగ్గా ఆ మాటలకే కదిలాయి. ఆ ఫ్రీక్వెన్సీని దాచుకున్నాను. దానికి పేరు పెట్టమని స్కానర్ అడిగితే 'బావ' అని పెట్టాను. ఇక వేరే గొంతు కోసం ఎదురుచూశాను. పొద్దు వాలేదాకా ఒక్క ముక్క రాలేదు.

సైటు మేస్త్రీ బయటికొస్తూ, "ఏమ్మా, మీ బావగారి దెయ్యం దొరికిందా?" అన్నాడు.

ఇంటికొచ్చి దొరకలేదని చెప్పగానే బావ విసుక్కున్నాడు. "నేను విన్నది పైన. నువ్వు కింద కూర్చుంటే ఏం వినబడుతుంది, నీ బొంద!"

అతను కోపంగానే అన్నాడు. నాకు మాత్రం దారి దొరికింది. సైటు చుట్టూ అన్నీ పొడుగు భవనాలే. దూరం నుంచి వచ్చేదేదైనా వాటికి తగిలి ఆగిపోతుంది. క్రేన్ గది ఒక్కటే వాటన్నిటికంటే పైన ఉంది.

క్రేన్ ఎక్కి వింటానంటే మేస్త్రీ మొదట కుదరదన్నాడు. "పైనున్న సెట్టు కూడా చూసి పెడతాను, డబ్బులొద్దు" అనేసరికి మెత్తబడ్డాడు. భోజనాల వేళ, నడుముకి పట్టీ కట్టించి పంపాడు. ఆ వేళే ఎందుకంటే, అప్పుడు సైటులో వాకీటాకీలన్నీ మూగబోతాయి. గొంతు వినబడితే అది పరాయిదే అయి ఉండాలి.

నిచ్చెన ఎక్కుతుంటే చేతులు చెమటకి జారాయి. పైన ఉన్న ఆపరేటర్‌ని, ఎప్పుడూ ఈల వేస్తుంటాడని, ఈలపాట అంటారు. దిగి ఎక్కలేక అన్నం డబ్బా పైనే విప్పుకుని తింటున్నాడు. బావని తీసేస్తే ఈ పని అతనికే ఖాయమవుతుంది.

"రామ్మా, కూర్చో. కిందకి చూడకు" అన్నాడు. ఈల మాత్రం వేయలేదు.

స్కానర్ దాచుకున్న ఫ్రీక్వెన్సీ మీద నిలబడి ఉంది. గాలికి గది ఊగుతోంది.  ఏమీ లేదు. ఏమీ లేదు. దిగిపోదామా అనుకున్నాను.

"దించు... దించు... నెమ్మదిగా."

ఆ మాట స్కానర్‌లోనూ, అతని సెట్టులోనూ ఒకేసారి వచ్చింది. ఈలపాట చేతిలోంచి ముద్ద పడిపోయింది. ఆ చెయ్యి దానంతటదే లీవరు మీదికి వెళ్లింది. మళ్లీ కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. కింద మనవాళ్లంతా నీడన కూర్చుని తింటున్నారు.

"విన్నారా?" అన్నాను.

అతను సెట్టు అందుకుని, "మేస్త్రీ గారూ, ఒకసారి పైకి రండి. మీరొచ్చేదాకా నేను లీవరు ముట్టను" అన్నాడు.

మేస్త్రీ కింద తిట్టిన తిట్లకి సెట్టు అక్కర్లేదు. అయినా ఎక్కాడు. ప్రతి అంచెలో ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. తొందరగా, తొందరగా అని నేను పళ్లు కొరుక్కుంటున్నాను. అతను సగం దూరంలో ఉండగా ఆ గొంతు, "ఇక చాలు, భోజనాలకి పదండి" అంది. అంతే, ఎక్కడో ఉన్న ఆ రెండో సైటు కూడా మూగబోయింది.

మేస్త్రీ తల గదిలోకి వచ్చేసరికి స్కానర్ మీద అంకెలు కదలకుండా ఉన్నాయి. "ఏదీ దెయ్యం?" అన్నాడు రొప్పుతూ.



"ఇప్పుడే వచ్చి పోయింది" అన్నాడు ఈలపాట. తల వంచుకుని, "మొన్న కూడా విన్నానండి" అన్నాడు.

"విని?"

"చెబితే నన్నూ చెవుల డాక్టరు దగ్గరికి పంపేవాళ్లు కదా."

మేస్త్రీ అతని వైపు తిరిగాడు. "నీ పని నువ్వే పోగొట్టుకుంటున్నావురా."

"కింద మనుషులున్నారండి."

మేస్త్రీ ఫోను తీసి మా బావకి చేశాడు. "రేపు పనిలోకి రా. డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. నేను ఇంజినీరుతో మాట్లాడతా" అని పెట్టేశాడు. తర్వాత సెట్టుని ఏడుకి తిప్పి, "ఇకనుంచి మనది ఏడు" అన్నాడు.

"అది కూడా ఎవరిదో అయి ఉండొచ్చండి" అన్నాను. "విని చూడాలి."

"ఎంతసేపు?"

"చెప్పలేను."

కింద భోజనాలయ్యాయి. చువ్వల కట్ట పక్కన నిలబడి సిగ్నల్ మనిషి చెయ్యి ఊపుతున్నాడు. మేస్త్రీ అతనికి ఆగమని సైగ చేశాడు. నేను స్కానర్‌ని మళ్లీ మొదటికి తిప్పి వదిలాను. అంకెలు పరుగెత్తాయి. అది ఏడు దగ్గర ఆగకూడదని ముగ్గురం చూస్తున్నాం.