చిలుకమ్మ ఇంటికి ఇల్లరికం

జనగామ జిల్లాలో గ్రీకు దేవతల జనాభా మొత్తం పదకొండు. పదకొండు మందీ ఒకే ఇంట్లో, ఒకే గాజు బీరువాలో, పోశాలు సారు పూచీ మీద కాపురముంటున్నారు. వాళ్లకు రేషన్ కార్డు ఒక్కటే తక్కువ.

అందరూ జానెడు ఎత్తువాళ్లే. అందరిదీ కంచు ఒళ్లే. నూరేళ్ల పైన ఎక్కడో ఫ్రాన్సులోనో ఇటలీలోనో మైనపు అచ్చుల్లో పుట్టి, ఓడెక్కి బొంబాయిలో దిగి, దొరల కోటల్లాంటి గడీల్లో కొన్నాళ్లు దర్జాగా బతికి, గడీలు ఖాళీ అయ్యాక పాత సామాన్ల దుకాణాల్లో తేలారు. పోశాలు సారు భూపాలపల్లి దిక్కు ఘనపూర్‌లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన రోజుల్లో, ఆదివారమైతే మిగతా మాస్టార్లు సినిమాకు పోయేవాళ్లు, ఈయన తుక్కు దుకాణానికి పోయేవారు. మోచేతుల దాకా కుప్పలో చేతులు పెట్టి వెతికేవారు. దుకాణదారుకు ఈయన మీద ఎంత గురి కుదిరిందంటే, అన్నానికి పోతూ కొట్టు అప్పజెప్పి పోయేవాడు. ఆ గంటలో సారు రెండు పాత సైకిళ్లు, ఒక ట్రాక్టరు రేడియేటరు బేరమాడి కొని పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆయన భార్య లీలావతి ఈ దేవతలకు తనకు తోచిన పేర్లు పెట్టుకుంది. కాళ్లకు రెక్కలున్న మెర్క్యురీ ఆమెకు ‘కొరియర్ పిల్లగాడు’. ద్రాక్షగుత్తులు నెత్తిన పెట్టుకుని తూలుతున్న బాకస్ ‘కల్లు కాడి మామ’. సింహం తోలు కప్పుకున్న హెర్క్యులిస్ ‘చలిజ్వరమాయన’. వీనస్ వంటి మీద బట్ట లేదని మొదటిరోజే ఆమె ముఖం గోడకు తిప్పేసింది. ముప్పై ఏళ్లుగా వీనస్ ఆ గోడనే చూస్తోంది. ఆ గోడ గురించి ఆమెకు తెలిసినంత కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు.

అందరిలోకీ సారు ప్రాణం మాత్రం క్యూపిడ్. వలపుల దేవుడు కాబట్టి లీలావతికి మన్మథుడు. ఒక మోకాలి మీద కూర్చుని, విల్లు పక్కన పెట్టి, తల పైకెత్తి ఎవరినో చూస్తుంటాడు. ఎవరిని చూస్తున్నాడన్నదే ముప్పై ఏళ్ల ప్రశ్న. పీఠం అడుగున పోతపోసినవాళ్ల గుండ్రటి ముద్ర, ముద్ర పక్కన ఒకటి అంకె ఉన్నాయి. ఒకటి ఉందంటే రెండు ఎక్కడో ఉన్నట్టే. ఇటువంటి బొమ్మలను జంటగా పోసేవాళ్లు. ఆ రెండోది క్యూపిడ్ పెళ్లాం సైకీ అయి ఉంటుందని సారు పుస్తకాలు తిరగేసి తేల్చారు. తేల్చారు గానీ పట్టుకోలేకపోయారు.

పోయిన ఏడు వరంగల్ కంటి దవాఖానలో డాక్టరు, కంటి నరం ఎండిపోతోందని, చుక్కల మందుతో ఉన్న చూపును కొన్నాళ్లు ఆపొచ్చు గానీ పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని సారు అన్న మాట ఒక్కటే.

“ఆ రెండు పక్కపక్కన పెట్టి ఒక్కసారన్న చూస్తననుకున్న లీలా.”

ఆ రోజు నుంచి లీలావతి కూడా వెతకడం మొదలుపెట్టింది. నెత్తి మీద ఉన్న కళ్లద్దాలు ఇల్లంతా వెతుక్కునే మనిషి. అలాంటిది, నర్సింహులపేటలో ఉన్న చిన్నమ్మ బిడ్డ ఏదో ఫంక్షన్ ఫొటోలు వాట్సాప్‌లో పెడితే, నలభై మూడో ఫొటోలో, జిలేబీ పళ్లెం వెనకాల, పక్కింటి తలుపు సందులోంచి అగ్గిపుల్ల తలంత కనిపిస్తున్న బొమ్మను పట్టేసింది.

“ఏమయ్యా, నీ కోడలు దొరికింది! వీపుకు సీతాకోక రెక్కలున్నయ్, చేతుల దీపమున్నది. గీమేనా కాదా చెప్పు!”

తెల్లారి ఇద్దరూ తొర్రూరు బస్సెక్కారు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి లీలావతికి జీరో టికెట్, సారుకు ఫుల్ టికెట్. సారు ఒళ్లో తువ్వాల చుట్టుకుని పడుకున్న మన్మథుడికి కండక్టరు టికెట్ అడగలేదు గానీ, ఆయన పొదివి పట్టుకున్న తీరు చూస్తే హాఫ్ టికెట్ కొట్టినా తప్పులేదు.

*

నర్సింహులపేటలో ఆ ఇల్లు కట్టమ్మది. డెబ్బై రెండేళ్ల మనిషి. వాకిలంతా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. కోడలు అండాలు తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు సారు తుమ్మిన తుమ్ములకు రెండు వీధుల అవతల కోళ్లు గూట్లోకి పోయాయి.

మంచినీళ్లు తాగి, చుట్టరికం కలుపుకుని, వచ్చిన పని చెప్పారు.

“అక్కా, మీ ఇంట్ల రెక్కల బొమ్మ ఉన్నదట. జర సూపిస్తరా?” అన్నారు సారు.

“బొమ్మ అనకు సారూ, మా అత్తకు కోపమొస్తది. చిలుకమ్మ అనాలె,” అంది అండాలు.

కట్టమ్మ లోపలి గూట్లోంచి రెండు చేతులతో పట్టుకొచ్చి సారు ముందు స్టూలు మీద నిలబెట్టింది. సారు పీఠం అడుగు తడిమారు. అదే గుండ్రటి ముద్ర. పక్కన రెండు అంకె.

ముప్పై ఏళ్ల వెతుకులాట అక్కడ ముగిసింది. సారు గుండె కూడా అక్కడే ఆగాల్సింది. ఎందుకంటే చిలుకమ్మ మిలమిలా మెరిసిపోతోంది. ఉగాదికి తోమిన చెంబులా ఉంది.

“దేనితోని తోముతరు అక్కా?” అని అడిగారు.

“చింతపండు, పొయ్యిల బూడిద. ప్రతి శుక్రారం. నా పెండ్లయిన సంది.”

పెళ్లయి యాభై రెండేళ్లు. అంటే దాదాపు రెండు వేల ఏడు వందల తోముళ్లు. ఈ సంగతి పారిస్‌లోని పెద్ద మ్యూజియంలో చెబితే, ఆ రోజు సగం మందికి సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది. పాత కంచు మీద ఉండే ఆ నల్లని పసరు రంగు మురికి కాదు. పోతపోసినవాడు మందు పూసి, మంట చూపించి ఎక్కించిన రంగు అది. నూరేళ్ల గాలి తగిలి ఆ రంగు పండుతుంది. పాత బొమ్మలు ఏరుకునేవాళ్లు ముందు దాన్నే చూస్తారు. సారు మన్మథుణ్ని ముప్పై ఏళ్లలో తడి గుడ్డతో కూడా తుడవలేదు.

అయినా ఆయన స్టూలు దగ్గరికి వంగి చూస్తూ ఉండిపోయారు.

“నీకెక్కడిది అక్కా గీ పిల్ల?” అని లీలావతి మాట కలిపింది.

“మాది ఘనపూర్ దిక్కు. చిన్నప్పుడు గడీల ఊడుస్తుంటి. గీమెను తుడుసుడంటె నాకు మస్తు ఇష్టం. నాకు లగ్గమై గింత దూరం వస్తుంటె దొరసానమ్మ గీమెను నా ఒళ్లె పెట్టింది. ‘కొత్త ఊర్ల ఒక్కదానివే ఏడుస్తవు, తోడు తీస్కపో’ అన్నది. నిజంగనే ఏడ్సిన. ఏడాది దాంక గీమెతోటే మాట్లాడిన.”

“అక్కా,” అన్నారు సారు, “నా తాన గీమె పెనిమిటున్నడు.”

తువ్వాల విప్పి మన్మథుణ్ని బయటికి తీశారు. సైకీ కథ చెప్పారు. ఆ పిల్ల మొగుడు చీకట్లోనే వచ్చి చీకట్లోనే పోయేవాడని, తన ముఖం చూడొద్దని ఒట్టు పెట్టించుకున్నాడని, ఆమె ఉండబట్టలేక ఒకనాడు దీపం పట్టుకుని చూసిందని, దీపంలోంచి వేడి నూనె చుక్క వాడి భుజం మీద పడి లేచి వెళ్లిపోయాడని.

“ఓ యమ్మో! కట్టుకున్నోని మొఖం సూసుడు గూడ తప్పేనా?” అని కట్టమ్మ మన్మథుడి మీద కళ్లెర్రజేసింది. “గింత పోరనివి, ఎంత నక్రాలు రా నీకు!”

“తర్వాత కలిసిన్రు అక్కా. ఆమె మస్తు తిప్పలు వడి ఎతుక్కున్నది. నేను గూడ ముప్పై ఏండ్ల సంది ఎతుకుతున్న. ఏమనుకోకుంట, పిల్లను మా ఇంటికి…”

“ఇచ్చుడా?” కట్టమ్మ చిలుకమ్మను స్టూలు మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నన్నడిగితె ఇస్తది సారూ, బస్సు గూడ ఎక్కిస్తది. చిలుకమ్మనైతె ఇయ్యది,” అంది అండాలు, తొడిమ తుంచుతూ.

“నువ్వు నోర్ముయ్యి. సారూ, గీమె నాతోని వచ్చిన పిల్ల. నేనున్నన్ని దినాలు మా ఇంటి కడప దాటది. సూసుకుంటనంటె సూసుకోండ్రి, పక్కన కూసోబెట్టుకోండ్రి. నేనేం వొద్దనను.”

అది కూడా గొప్పే. సారు తలూపారు. కట్టమ్మ చిలుకమ్మను మళ్లీ స్టూలు మీద నిలబెట్టింది. సారు మన్మథుణ్ని ఆమె పాదాల పక్కన, దీపం కింద కూర్చోబెట్టారు. తల ఎత్తిన తీరు, తల వంచిన తీరు గొళ్లెంలా కలిసిపోయాయి. వాడు చూస్తున్నది ఈమెనే.

లీలావతి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. సారు ముఖంలో సంతోషం లేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వెనక్కి జరుపుకున్నారు. తలుపు వెలుతురుకు అడ్డం లేకుండా పక్కకు జరిగారు.

“ఏమైంది?”

“పిల్ల కనిపిస్తున్నది లీలా. చెంప కనిపిస్తున్నది, పెదవి మూలకు నవ్వుతున్నది, గది గూడ కనిపిస్తున్నది.” కళ్లు నులుముకున్నారు. “పోరడే కనిపిస్తలేడు. నల్లగ ముద్ద లెక్క ఉన్నడు.”

“అగో! రోజు పొద్దుగాల బీరువ ముంగట అర్ధగంట నిలవడి సూస్తవు గద?”

“యాదితోని సూస్తున్న. ఎండకాలం సంది.”

లీలావతి ఆయన భుజం మీది తువ్వాల సర్దింది. అది సరిగ్గానే ఉంది, అయినా సర్దింది.

కట్టమ్మే ముందు తేరుకుంది.

“తప్పు మీదే సారూ. పెండ్లి పిల్లగాన్ని నలుగు పెట్టకుంట తోల్కస్తరా ఎవలన్న? గట్ల నల్లగుంటె ఏడ కనిపిస్తడు? అండాలూ, చింతపండు నానబెట్టు.”

“వద్దు వద్దు!” సారు మన్మథుణ్ని గుండెకు హత్తుకున్నారు. “గా రంగు ఒక్కసారి పోతె మల్ల రాదు అక్కా!”

“నీ సూపు వస్తదా మల్ల?” అంది లీలావతి.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సారు వాదించేవారే, వాదనలో ఆయనకు జిల్లా స్థాయి పేరుంది. మన్మథుడి వీపు మీద బొటనవేలితో చాలాసేపు నిమిరారు. ఆ నలుపును ఆయన వేలు కంటి కంటే బాగా ఎరుగును. తర్వాత బొమ్మను భార్య చేతుల్లో పెట్టారు.

“మెల్లగ తోము. రెక్కల సందున జర పైలం.”

పెరట్లో బండ మీద ముగ్గురు ఆడవాళ్లు పెళ్లికొడుకు చుట్టూ చేరారు. సారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“చెవుల వెనక తోమలే అత్తా, మురికుంటె పిల్ల వొద్దంటది!”

“నీ మొగనికి తోమినవా ఎన్నడన్న?”

“అక్కా, సంకల తోము, చక్కిలిగిలి అయితదేమో సూద్దాం!”

నల్లటి నీళ్లు పోయాయి. మరో చెంబెడు నల్లటి నీళ్లు పోయాయి. పెరట్లో జామచెట్టు ఆ రోజు పీల్చుకున్నంత చరిత్ర ఏ యూనివర్సిటీ కూడా పీల్చుకోలేదు. గంటసేపటికి లీలావతి కొంగుతో ఒళ్లు తుడిచి మన్మథుణ్ని తెచ్చి దీపం కింద కూర్చోబెట్టింది. కట్టమ్మ చిలుకమ్మ చేతిలోని చిన్న ప్రమిదలో ఒక్క చుక్క నూనె వేసి, దారపు పోగంత వత్తి వెలిగించింది.

సారు కూర్చున్నారు. వంగారు. ముందు విల్లు కనిపించింది. తర్వాత మోకాలు. తర్వాత గడ్డం, పెదవులు, పైకెత్తిన కళ్లు. ఎండాకాలం నుంచి కనిపించని పిల్లవాడు ఒక్కో అంగుళమే తిరిగి వస్తున్నాడు.

“లీలా! భుజం మీద సూడు!”

కుడి భుజం మీద మినపగింజలో సగమంత చుక్క, కన్నీటి బొట్టు ఆకారంలో పైకి ఉబ్బి ఉంది. ముప్పై ఏళ్లు అది వేలికి తగిలినా పోతలో లోపమే అనిపించేలా నలుపు కింద దాక్కుంది.

“నూనె చుక్క! చేసినోడు నూనె చుక్క గూడ పోసిండు! నాకెన్నడు దొరకలే!”

“గీ చుక్కకేనా ఆలిని ఇడిసిపెట్టి పోయింది?” కట్టమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “తాలింపేస్తుంటె మాకు దినాం పదిసార్లు పడ్తది.”

సారు నవ్వారు. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు, మిరపకాయల ఘాటని చెప్పారు. మళ్లీ చూశారు. వాళ్లిద్దరూ ఆయన్ని పట్టించుకోలేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఇప్పుడు వాణ్ని ఎత్తి సంచిలో పెట్టుకుని పోవడం ఎట్లాగో ఆయనకు అర్థం కాలేదు. రెండుసార్లు చెయ్యి చాపారు, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నారు.

“అక్కా,” అన్నారు చివరికి, “మా పోరనికి మీ ఇంట్ల జాగున్నదా?”

కట్టమ్మకు వెంటనే అర్థం కాలేదు. అండాలుకు అయింది.

“ఇల్లరికమా సారూ!”

“గట్లనే అనుకో బిడ్డా.”

“మంచిగ సోంచాయించినవా?” లీలావతి మెల్లగా అడిగింది.

“మనింట్ల ఉంటె వాడు ఒక్కడే ఉంటడు. ఈడ ఉంటె ఇద్దరుంటరు.”

కట్టమ్మ లేచి లోపలికి పోయింది. పసుపు కుంకుమలు, జాకెట్టు ముక్క తెచ్చి లీలావతికి బొట్టు పెట్టింది. “ఇగ మీరు మా వియ్యాలోల్లు. నెలకొకపారి రావాలె అన్నా, ఫోన్ చేసుడు కాదు, రావాలె,” అంది. సారు ఒకే ఒక్క షరతు పెట్టారు. అల్లుణ్ని వారం వారం తోమొద్దు, ఏడాదికి ఒకసారి చాలు. కట్టమ్మ నెలకొకసారి దగ్గర మొదలుపెట్టింది. రెండు దేశాల సరిహద్దు ఒప్పందాలకు కూడా అంతసేపు పట్టదు. దసరాకూ ఉగాదికీ, ఏడాదికి రెండుసార్లు అని తేలింది.

తొర్రూరు బస్సు వచ్చే వేళయింది. లీలావతి సంచి మడిచి చంకన పెట్టుకుని లేచింది.

“పోదామా?”

“ఇంకొంచెం సేపు,” అన్నారు సారు, దీపం వైపు నుంచి కళ్లు తిప్పకుండా.

ఆమె మళ్లీ కూర్చుంది, ఆయన పక్కనే, మోచెయ్యి మోచేతికి తగిలేలా. సందు చివర బస్సు ఆగి హారన్ కొట్టింది. ఆ హారన్ మూడు మండలాలకు వినిపించింది. లీలావతికి మాత్రం వినిపించలేదు.