మీసాల వీరుడూ, చావని నేనూ

నేను ఒక తోలుబొమ్మను. రాక్షసుణ్ణి. మేకతోలు గీకి, ఎండబెట్టి, బెజ్జాలు కొట్టి, కోరలు దిద్ది, నడుముకు వెదురు బద్ద కట్టారు. ఆ పూటే నా తలరాత రాసేశారు. కథ ఏదైనా చచ్చేది నేనే. వీరుడు ఇల్లు వదులుతాడు, అడవిలో గురువు దొరుకుతాడు, కత్తి దొరుకుతుంది, వచ్చి నన్ను పొడుస్తాడు. ప్రతి కథా ఇంతే, పేర్లు మారతాయి. "వీడేం చేశాడు?" అని ఒక్కడన్నా అడిగితే ఒట్టు.

పెట్టెలో కూడా నాకు వేరే మూట. వీరుడి పక్కన పెడితే కొట్టుకుంటామట! తోలుకు తోలుతో ఏం పగ?

నన్ను ఆడించేది యశోదాబాయి. ఒక ఎండాకాలం నరసప్ప ఆమెను పిలిపించాడు. పెద్ద తోట ఆసామి. ఆయన బోర్లు తెరిపి లేకుండా తోడేసరికి ఊరి మంచినీళ్ల బావి ఎండిపోయింది. జనం గొణుగుతున్నారు.

"బాయీ, ఈ తూరి కొత్త కథ కట్టు. కరువు రాక్షసుడు. వీరుడొచ్చి వాణ్ణి చంపల్ల. వీరుడికి నా మాదిరి మీసాలు పెట్టు."

"దానికేముంది సామీ, రంగే గదా," అంది బాయి.

నాకు ఒళ్లు మండింది. నీళ్లు తాగింది ఆయన, పోటు నాకా?

మా ఆటకు ఒక కట్టుబాటుంది. రాక్షసుడు కూలి, హారతి పాట అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఊరికి కీడు. ఆ సాయంత్రం తోట పక్కనే తెర కట్టారు. ముందు వరసలో నరసప్ప. వీరుడు పొడిచాడు. నేను పడలేదు. మళ్లీ పొడిచాడు. బాయి నా బద్ద వదల్లేదు. పాత కథల్లో మావాళ్ల ప్రాణం ఏ చిలకలోనో దాస్తారు కదా, ఆ కిటుకు పట్టుకుంది.

"నా ప్రాణం ఈ తోట బోర్లలో ఉందిరా! అవి ఆగితేనే చస్తా!" అని నా నోట అరిచింది.

ఒక ముసలామె విసుక్కుంది. "అయితే ఆపండప్పా! నడుము పట్టేసింది, లేయల్ల!"

నవ్వులు. నరసప్ప లేవబోయాడు.

"కూకో నరసప్పా, ఊరికి కీడు!" అన్నారు నలుగురూ.

కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? చివరకు పళ్లు కొరికి జీతగాణ్ణి పంపాడు. మోటార్ల మోత ఆగింది. అప్పుడు బాయి నన్ను మెల్లగా పడుకోబెట్టింది. నా బతుకులో ఇష్టపడి చచ్చింది ఆ ఒక్కసారే.

మర్నాటి నుంచి జనమే వంతులేసుకుని బోర్లు మళ్లీ తిప్పనివ్వకుండా కాపలా కూర్చున్నారు. బావిలో ఊట మళ్లీ వచ్చింది. బాయిని మాత్రం నరసప్ప మళ్లీ ఆ ఊళ్లో ఆడనివ్వలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. ఒకే అద్దాల పెట్టెలో నేనూ, ఆ మీసాలవాడూ. ఇన్నేళ్లయింది, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. కింద చీటీ: "కరువు రాక్షసుణ్ణి చంపి ఊరికి నీళ్లు తెచ్చిన వీరుడు." అందులో కాపలా కూర్చున్న జనం లేరు. నడుము పట్టేసిన ముసలామె లేదు. బాయి లేదు. చూసేవాళ్లు ఆ మీసాలకు ఫోటోలు తీసుకుని పోతున్నారు.

అబద్ధంరా అని అరవాలని ఉంది. నా గొంతు ఆమెది. ఆమెనే చీటీ బయట పెట్టేశారు.