ఏడు పనుల డిస్కు

మా అన్నయ్యకు ఒళ్ళు వంచడమంటే మహా బాధ. షాపు అతని పేరున ఉంది, రిపేర్లు నా చేతుల మీద నడుస్తాయి. నాన్న పోయినప్పటి నుంచీ ఏర్పాటు ఇదే. దాని గురించి ఏడవడం నేనెప్పుడో మానేశాను.

మొరాయించిన కంప్యూటర్లను దారికి తేవడానికి మా దగ్గర ఆరు డిస్కులుండేవి. పాస్‌వర్డు తీసేది ఒకటి, వైరస్ ఏరేది ఒకటి, హార్డ్‌డిస్కు ఎంత చెడిందో చూసేది ఒకటి, పోయిన ఫైళ్ళు వెతికేది ఒకటి, హార్డ్‌డిస్కులో ఉన్నదంతా ఇంకోదాంట్లోకి నకలు తీసేది ఒకటి. ఆరోది తుడిచేది. పాత కంప్యూటర్లు అమ్మే ముందు లోపలున్న సమాచారాన్ని ఆనవాలు లేకుండా చేస్తుంది.

"ఆరెందుకే? అన్నీ కలిపి ఒక్కటి చేసి పారెయ్యరాదూ?" అని అన్నయ్య ఏడాది పాటు నా బుర్ర తిన్నాడు.

పారెయ్యడం అతనికి తేలికే. కంప్యూటరు లేవగానే ముందు తానే లేవాలని ఆ ఆరింటిలో ప్రతిదానికీ పట్టుదల. ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ అలిగి కూర్చుంటాయి. వాటి మధ్య రాజీ కుదిర్చి, ఒక్క డిస్కులోకి ఎక్కించి, నంబరు నొక్కితే కావలసింది లేచేలా మెనూ రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. మెనూలో మొత్తం ఏడు పనులు. మొదటి పని, ఏ పనీ చెయ్యకుండా కంప్యూటరును దాని మానాన వదిలేయడం. అది మా అన్నయ్యను చూసి పెట్టిందే. పది సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే డిస్కు ఆ మొదటి పనే చేస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

"తుడిచేదాన్ని మాత్రం విడిగా ఉంచుదాం అన్నయ్యా," అన్నాను.

"మళ్ళీ రెండు డిస్కులా? మరి ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేమిటే?"

సరేనన్నాను. ఏడో నంబరులో పెట్టి, అది నొక్కినా 'నిజంగా తుడిచెయ్యాలా?' అని అడిగి, 'అవును' అని అక్షరం అక్షరం టైపు చేస్తే తప్ప కదలకుండా కాపలా పెట్టాను. మర్నాటి నుంచి షాపుకు వచ్చిన ప్రతివాడికీ అన్నయ్య ఆ డిస్కు చూపించి, తానే చేశానని గొప్పలు కొట్టుకున్నాడు. నేను స్క్రూలు బిగించుకుంటూ విన్నాను.

పోయిన వర్షాకాలం ఒక ఆఫీసువాళ్ళు నలభై పాత కంప్యూటర్లు పంపారు. అన్నీ తుడిచి అమ్మిపెట్టాలి. నాలుగు కంప్యూటర్లు అయ్యేసరికే అన్నయ్యకు విసుగొచ్చింది.

"ప్రతిదానికీ కీబోర్డు తగిలించి, ఏడు నొక్కి, 'అవును' అని టైపు కొట్టి... ఎవడు చేస్తాడే ఇదంతా? డిస్కు పెట్టి స్విచ్చి వేస్తే దానంతటదే తుడుచుకునేట్టు చెయ్యి."

పది నిమిషాల పని. ఇంకో డిస్కు మీదికి అంతా ఎక్కించి, కాపలా తీసేసి, ఎవరూ ఏమీ నొక్కకపోతే ఏడో పనే మొదలయ్యేలా మార్చాను. పైన ఎర్ర పెన్నుతో 'ఇవాళ్టికే' అని రాశాను. ఇవాళ కాస్తా నాలుగు రోజులైంది. పని కాగానే ఆ డిస్కును రెండు ముక్కలు చెయ్యాల్సింది. చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా అన్నయ్య ఏం చేశాడంటే, పక్క వీధి షాపువాడు అడిగాడని నా మంచి డిస్కును అతనికిచ్చేశాడు. రెండూ ఒకటేగా అనుకుని, ఖాళీ అయిన కవరులో ఎర్ర రాత ఉన్న డిస్కును దూర్చి ఎప్పటి చోటే పెట్టాడు. నాతో ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత టీచరుగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, కంప్యూటరును బట్టలో చుట్టి రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కారు. వినికిడి లేని పిల్లల బడిలో పాఠాలు చెబుతారట.

"నిన్నటిదాకా బాగానే ఉందమ్మా. ఇవాళ నల్ల తెర తప్ప ఏమీ రావడంలేదు. ఇందులో మా పిల్లల సైగలున్నాయి."

"సైగలంటే పుస్తకాల్లో ఉంటాయి కదండీ?"

"పుస్తకాల్లో ఉన్నవి కావు. హాస్టల్లో వాళ్ళలో వాళ్ళు కల్పించుకున్నవి. కడుపునొప్పి అని అబద్ధమాడి క్లాసు ఎగ్గొట్టడానికి కూడా ఒకటుంది," అని నవ్వి, పొట్ట దగ్గర వేళ్ళు మెలితిప్పి చూపించారు. "తొమ్మిదేళ్ళుగా వీడియోలు తీస్తున్నాను. పదకొండు వందలున్నాయి. చదువైపోయి వెళ్ళినవాళ్ళతో ఆ సైగలూ వెళ్ళిపోతాయి. అందుకని."

"ఇంకెక్కడైనా దాచారా?"

"ఫోన్లో తీసి, ఇందులో వేసి, ఫోన్లోంచి తీసేసేదాన్నమ్మా. జాగా చాలదుగా."

అది చిన్న జబ్బే. ముందు హార్డ్‌డిస్కుకు నకలు తీసి పెట్టుకుంటే తక్కినది గంట పని. భయపడకండి అని నా నోటితో నేనే చెప్పి పంపాను.

మర్నాడు పొద్దున నేను ఒక విడిభాగం కొనడానికి బజారుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి టీచరుగారి కంప్యూటరు బల్ల మీద నడుస్తోంది. అన్నయ్య వీపు తిప్పి ఎవరితోనో ఫోన్లో కబుర్లు చెబుతున్నాడు. అతనికి బుద్ధి పుట్టి పని మొదలుపెట్టిన రోజు అదొక్కటే. డిస్కు పెట్టాడు, స్విచ్చి వేశాడు, మోగిన ఫోను తీశాడు. పది సెకన్లు గడిచాయి. తెర మీద అరవై ఒక్క శాతం అని ఉంది. వైరు పట్టి లాగేశాను.

"అలా లాగుతావేంటే, పాడైపోదూ!" అన్నాడు అన్నయ్య.

మిగిలిన ముప్పై తొమ్మిది శాతాన్ని రెండు రోజులు జల్లెడ పట్టాను. వీడియోలు దాదాపు అన్నీ తుడిచిన భాగంలోనే పోయాయి. పదకొండు దొరికాయి, ఒక్కటీ పూర్తిగా లేదు. ఒకదాంట్లో ఒక పిల్ల రెండు చేతులూ పైకెత్తి, అక్కడే ఆగిపోయింది.

టీచరుగారు వచ్చినప్పుడు అన్నయ్యే మాట్లాడాడు. "హార్డ్‌డిస్కు ముందే పోయిందండీ. మీరు కంప్యూటరును సరిగ్గా ఆపకుండా స్విచ్చి కట్టేస్తున్నట్టున్నారు. అలా చేస్తే ఇలాగే అవుతుంది. ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

ఆవిడ నా వైపు చూశారు. నేను నోరు మెదపలేదు. షాపు పరువని కాదు, అన్నయ్య మీద ప్రేమా కాదు. కాపలా తీసింది నేను. ఆ మాట పైకి రాకుండా ఉంటే చాలనిపించింది. అంతే, ఉత్త పిరికితనం.

వారం తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చారు, చేతిలో నోటు పుస్తకంతో. నా బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నారు.

"కంప్యూటరును ఎలా ఆపాలో నేర్పమ్మా. మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఈసారి నా చేతులారా చంపుకోకూడదు."

నేర్పడం మొదలుపెట్టాను. ముందు తెరిచినవన్నీ మూసెయ్యాలి అన్నాను, ఆవిడ రాసుకున్నారు. తర్వాత ఈ గుర్తు నొక్కాలి అన్నాను, అదీ రాసుకుని కింద గీత గీశారు. మూడో మాట నా వల్ల కాలేదు.

"మీ తప్పేం లేదండీ," అన్నాను. "మా దగ్గరికి తెచ్చినప్పుడు మీ వీడియోలన్నీ బాగానే ఉన్నాయి. తుడిచేసింది మేమే. ఎవరూ ఏం నొక్కకపోయినా తుడిచేలా ఆ డిస్కు రాసింది నేను."

అవతల అన్నయ్య చప్పుడు చెయ్యకుండా లేచి బయటికి నడిచాడు.

టీచరుగారు పెన్నుకు మూత పెట్టారు. తిడతారేమో, తిడితే బాగుండుననుకున్నాను. "వారం రోజులు నిద్రపోలేదమ్మా. నా చేతులు నేనే నరుక్కోవాలనిపించింది," అన్నారు. "మీ అన్నయ్య అబద్ధమాడాడు సరే. నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"పిల్లలకు ఈ మాట నేను చెప్పలేను. నువ్వొచ్చి చెప్పు."

వెళ్ళాను. పొడుగాటి గది, బెంచీల మీద ముప్పై మంది. నేను నోటితో చెబుతుంటే పక్కన టీచరుగారి చేతులు చెబుతున్నాయి. అన్నయ్య సంగతి ఎత్తలేదు, పది సెకన్ల సంగతితో సహా నేను చేసిందే చెప్పాను. అయ్యాక గదిలో ఒక్క చెయ్యీ కదల్లేదు. ఆ గదిలో అంతకన్నా నిశ్శబ్దం ఉండదు.

చివరికి ముందు బెంచీలో ఉన్న పిల్ల లేచింది. పది వేళ్ళూ విప్పి, ఒక్కొక్కటే ముడిచి, ఉత్త పిడికిళ్ళు మిగిలాక అరచేత్తో గాలిని అడ్డంగా తుడిచింది. వెనకవాళ్ళు చూసి నేర్చుకున్నారు. ఒక్క నిమిషంలో ముప్పై మందీ నన్ను చూస్తూ అదే చేశారు.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

టీచరుగారు నా వైపు తిరగకుండానే చెప్పారు. "తెలిసిన ప్రతి మనిషికీ మా పిల్లలు ఒక సైగ పెట్టుకుంటారమ్మా. నీ పేరది."

ఆవిడ అప్పటికే ఫోను తీసి పట్టుకున్నారు. అలవాటు. కొత్త హార్డ్‌డిస్కులో మొదటి వీడియో అదే. పోకుండా దాన్ని రెండు చోట్ల నకలు తీసి ఇచ్చింది నేనే.