సాక్షి మీద గీత

మా పనిలో ఒక పాత పద్ధతి ఉంది. కూలిన కమానుని మళ్లీ కట్టాక, దాన్ని కింద మోస్తున్న చెక్క సెంట్రింగ్ ఊడదీసేటప్పుడు, నడినెత్తిన ఆఖరి రాయి పెట్టినవాడు సరిగ్గా దాని కిందే నిలబడాలి. నిలబడ్డవాడు మేస్త్రీ. పక్కకి జరిగినవాడు జన్మంతా సున్నం కలుపుకోవాలి. ఆ రోజు వంతు ఎలెయుతేరియోది. మా అన్నకూతురు ఒఫేలియా మొగుడు.

భూకంపం వచ్చినప్పుడు మా వహాకా లోయలో చర్చిలు చాలా దెబ్బతిన్నాయి. మా చర్చికి ముఖద్వారం కమాను మొత్తం పోయింది. ఆకుపచ్చ రంగు రాయి చెక్కి, సున్నంలో నాగజెముడు జిగురు కలిపి, మళ్లీ నిలబెట్టాం. కుడి స్తంభంలో మాత్రం పాత బీట ఒకటి మిగిలింది. దాని మీద అడ్డంగా ప్లాస్టర్ పట్టీ అతికించాం. దాన్ని మేం సాక్షి అంటాం. లోపల స్తంభం వెంట్రుకంత కదిలినా, ముందు పగిలేది అదే.

ఆ సాక్షి మీద పెన్సిలుతో బీటలాంటి సన్నటి గీత గీసి, పనివాళ్లని పరంజా మీంచి దూకించడం నాకు మహా సరదా. తడివేలితో రుద్దితే పోతుంది. పెద్దమేస్త్రీ ఫిదెన్సియో అయితే సాక్షి దగ్గరికి రాగానే బొటనవేలు నోట్లో పెట్టుకునేవాడు, చంటిపిల్లాడిలాగ.

మర్నాడు శిలువ పండగ. తాపీవాళ్లందరికీ అదే పెద్దపండగ. కాగితం పూలు చుట్టిన శిలువ గోడకి ఆనించి ఉంది. అది కమాను మీదికెక్కాలంటే సెంట్రింగ్ ఇవాళ దిగాల్సిందే. పెరట్లో గొయ్యి తీసి, నిప్పుల మీద మేకమాంసం పెట్టి మట్టి కప్పేశారు.

పొద్దున్నే పెన్సిలు చెవిలో దోపుకుని పరంజా ఎక్కాను. గీత అప్పటికే ఉంది.

నాకు పోటీ ఎవడొచ్చాడా అని నవ్వుకున్నాను. వేలు తడిచేసి రుద్దాను. పోలేదు. ఇంకోసారి రుద్దాను. ఈసారి గోరు లోపలికి దిగింది.

రాత్రి కురిసిన వానకి స్తంభం కింద మట్టి వదులైనట్టుంది. సెంట్రింగ్ తీసేస్తే కమాను బరువంతా ఆ స్తంభాన్ని బయటికి తోసేస్తుంది. కమాను కింద మా అల్లుడు ఉంటాడు. కిందికి దిగుతుంటే మెట్లు కాలికి అందలేదు.

స్తంభం కదిలింది, పని ఆపండి అన్నాను. అందరూ నా ముఖం చూశారు, తర్వాత నా చెవిలో పెన్సిలు చూశారు. ఇక చూడండి నవ్వులు. ఫిదెన్సియో అయితే కళ్లు తుడుచుకున్నాడు. ఒట్టేశాను. అమ్మతోడన్నాను. ఎంత ఒట్టేస్తే అంత నవ్వారు.

ఒఫేలియా మొక్కజొన్న పిండితో చేసిన తమాలీల బుట్ట కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఇవాళైనా ఊరుకో. ఆయనకి అసలే కాళ్లు వణుకుతున్నాయి."

ఎలెయుతేరియో టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని, కమాను కిందికెళ్లి నిలబడ్డాడు. ఫిదెన్సియో సుత్తి ఎత్తాడు. సెంట్రింగ్ కింద బిగించిన మొదటి చెక్కచీల వదులైంది. పైనుంచి సన్నటి ఇసుక జారి అల్లుడి భుజం మీద పడింది.

నేనెలా పరిగెత్తానో నాకే తెలీదు. వాణ్ణి బయటికి తోసేసి, వాడి చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

ఇంకొకడి చోట కూర్చోవడమంటే మా వాళ్లలో చెంపదెబ్బ కన్నా పెద్ద అవమానం. నవ్వులు ఆగిపోయాయి. ఎలెయుతేరియో ముఖం ఎర్రబడింది.

"లే మావయ్యా. నలుగురిలో నా పరువు తియ్యకు."

"నువ్వెళ్లి రుద్దిరా. గీత పోతే నన్ను ఆ మేకతో పాటు గోతిలో కప్పెట్టండి."

వాడు తిట్టుకుంటూ పరంజా ఎక్కాడు. నేను పైకి చూశాను. ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు రాళ్ల మధ్య చిన్న చప్పుడు. రాలిన ఇసుక నా కనురెప్పల మీద పడుతోంది. పైన వాడు రుద్దుతున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ రుద్దాడు. మళ్లీ ఆగింది.

చివరికి వాడి గొంతు వచ్చింది, పడుకున్న పసిబిడ్డని లేపకుండా మాట్లాడుతున్నట్టు. "మేస్త్రీ, సుత్తి పక్కన పెట్టు. చీల చేత్తోనే లోపలికి నెట్టు. మావయ్యా, నువ్వు మెల్లగా రా."

రావడానికి నాకు కాళ్లుంటే కదా. తిమ్మిరెక్కి మొద్దుల్లా పడున్నాయి.

"ఇప్పుడు కూడా వేషాలేనా బాబాయ్?" అంది ఒఫేలియా. ఆ గొంతులో ఏడుపుంది.

"కాదే తల్లీ," అన్నాను.

ఎలెయుతేరియో చప్పుడు చెయ్యకుండా దిగి, వంగి, కమాను కిందికొచ్చాడు. నా చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగాడు. లాగుతున్నంతసేపూ వాడి కళ్లు నా మీద లేవు, నడినెత్తి రాయి మీదే ఉన్నాయి.

సాయంత్రందాకా స్తంభానికి దుంగలు ఊతంగా పెట్టాం. పక్కనే కొత్త సాక్షి అతికించాం. ఫిదెన్సియో నా చెవిలోంచి పెన్సిలు తీసి, విరిచి, పక్కనున్న పొయ్యిలో వేశాడు.

మర్నాడు శిలువ గోడకి ఆనించే ఉంది. మేకమాంసం బాగా ఉడికింది. పెరట్లో బల్లలు వేసినా ఎవరూ కూర్చోలేదు. అందరం నిలబడే తిన్నాం, ఏ చప్పుడొస్తుందోనని చర్చివైపు ముఖం పెట్టి.