సుసన్నక్క బిల్ల

ల్యాంపు కిటికీలోంచి లోపలికి వచ్చింది. సుసన్న దాని వైరు చుట్టి ఛార్జింగు గూట్లో నిలబెట్టి, గోడ మీది మేకు నుంచి ఇత్తడి బిల్ల తీసి కిటికీలోంచి అందించింది. బొగ్గు అంటిన చెయ్యి ఒకటి ఆ బిల్లను అందుకుని పోయింది. వెనకాలే ఇంకో ల్యాంపు, ఇంకో చెయ్యి.

రాత్రి షిఫ్టు వాళ్లు పైకి వస్తున్నారు. గోదావరిఖనిలో బొగ్గు గనిని గని అనే మనిషి ఉండడు, బాయి అంటారు. బాయి దిగేటప్పుడు ప్రతివాడూ తన నంబరు బిల్ల ఇచ్చి నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీసుకోవాలి. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిల్ల తీసుకోవాలి. గోడ మీద బిల్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అతను ఎవరైనా సరే, ఆ బిల్ల దిగేదాకా ల్యాంపు రూము మూయరు.

ఫిట్టర్ రాయమల్లు ల్యాంపు ఇస్తూ కిటికీలోకి తొంగి చూశాడు. "ఏందక్కా, పొద్దుగాల్నే మొఖం గట్ల గుంజుకపోయింది?"

"గ్యాసు రా. రాత్రి మిర్చీలు తిన్న."

"ఎప్పుడడిగినా గ్యాసే అంటవు. జెర దవాఖానకు పోరాదు?"

"రేపు బిషప్ గారొస్తున్నరు. పిల్లల పండుగ ఒడిసినంక సోమవారం పోత."

"నీ సోమవారం ఎన్నడొస్తదో!" అని రాయమల్లు వెళ్లిపోయాడు. సుసన్న రొమ్ము మీద అరచేత్తో రుద్దుకుని, కాసేపాగి, సోడా తెప్పించుకుని తాగింది. గట్టిగా త్రేన్పు వచ్చింది. అదిగో, గ్యాసే అని తనకు తాను సాక్ష్యం చెప్పుకుంది.

ఆమె పొట్టి మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటికి అతకనంత పెద్దవి. భర్త ఎల్లేశం ఉద్యోగంలో ఉండగానే జ్వరమొచ్చి పోతే, కంపెనీ వాళ్లు ఆమెకు ఈ ల్యాంపు రూములో పని ఇచ్చారు. అప్పటి నుంచి జుట్టు నెరిసింది తప్ప ఇంకేమీ మారలేదు. పిల్లలు కలగలేదు. ఆ లోటు దేవుడు మరో విధంగా పూడ్చాడని చర్చిలో అంటారు. ఆ మాటంటే ఆమెకు ఒళ్లు మంట. లోటు లోటే, పూడ్చడమేమిటి? అయినా ప్రతి శనివారం షిఫ్టు దిగి, చీర మార్చుకుని, చర్చి పక్క రేకుల గదిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సత్యోపదేశం చెబుతుంది. అమ్మ కొంగు పట్టుకుని చర్చికొచ్చే వయసు పోయి, అద్దం ముందు దువ్వెన పట్టుకునే వయసు వచ్చిన పిల్లలు. ప్రార్థనలో నవ్వొస్తుంది వాళ్లకు. ప్రశ్నలొస్తాయి. చిన్నపిల్లలకు చెప్పడం సులువు, పెద్దవాళ్లకు చెప్పనక్కరే లేదు. ఈ నడిమి వాళ్లతోనే తంటా. అందుకే ఆ తరగతి ఎవరూ తీసుకోక సుసన్నకు మిగిలింది.

ఆ గదిలోనూ ఆమె ఒక చెక్క బిగించి మేకులు కొట్టించింది. డబ్బా మూతలు కత్తిరించి, అంకెలు చెక్కి, పిల్లలకు తలా ఒక రేకు బిల్ల చేసిచ్చింది రాయమల్లే. పిల్లలు రాగానే బిల్ల తగిలించాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. అందరికన్నా ముందు తగిలేది, ఆఖరున దిగేది సుసన్న బిల్ల. అదొక్కటే ఇత్తడిది. ఎల్లేశం పోయిన రోజు ల్యాంపు రూము పెద్దమనిషి ఎవరికీ చెప్పకుండా ఆమె చేతిలో పెట్టిన బిల్ల. తరగతి అయిపోగానే దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్ది కొంగున ముడేసుకుంటుంది.

ఒక సంవత్సరం విశ్వాస ప్రమాణానికి బొమ్మలు వేయమంటే, ప్రభువు చనిపోయి పాతాళానికి దిగెను అన్న చోట పిల్లలందరూ కూడబలుక్కున్నట్టు యేసుకు టోపీ పెట్టి, టోపీకి ల్యాంపు పెట్టారు. ఒకడు చేతికి టిఫిన్ డబ్బా కూడా ఇచ్చాడు. అప్పటి ఫాదర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సుసన్నకు నవ్వు రాలేదు. బాయి మీద బతికే ఊళ్లో కిందికి దిగడమంటే ఇంకెట్లా ఉంటుంది? ఆ టిఫిన్ డబ్బా బొమ్మ ఇప్పటికీ ఆమె ఇంట్లో గోడకుంది.

షిఫ్టు చివరిదాకా ఆమె మనసు బిల్లల మీద లేదు. పోయిన శనివారం మీదుంది.

పోయిన శనివారం దీప అడిగింది. ఏడో తరగతి పిల్ల. తల్లి పూలమ్మ చర్చి మనిషి, తండ్రి సదయ్య కాదు. ఆదివారం ఆదివారం బిడ్డను స్కూటర్ మీద తెచ్చి దించి, పూజ అయ్యేదాకా గేటు బయట వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "మీరు కానియ్యుండ్రి, నేనీడ సల్లగున్న" అనేవాడు. వానల్లో పచ్చకామెర్లతో పోయాడు. దీప లేచి నిలబడి అడిగింది: "టీచరమ్మా, జ్ఞానస్నానం తీసుకోనోళ్లు మోక్షానికి పోరా?"

"పోరు," అంది సుసన్న. ఆలోచించలేదు. చిన్నప్పుడు తనకు బెత్తంతో నేర్పిన జవాబు, అట్లాగే నోట్లోంచి ఊడిపడింది.

పిల్ల ఏడవలేదు. చాప మీంచి చెప్పులదాకా నడిచి, వేసుకుని వెళ్లిపోయింది. బిల్ల తీసుకోలేదు. అది మేకుకు అట్లాగే ఉండిపోయింది. బిల్ల ఉండగా గది మూయడం సుసన్న చేత కాలేదు. వారం రోజులు తాళం వేయనివ్వలేదు. కొత్తగా వచ్చిన ఫాదర్ చిన్నప్ప గుంటూరు వైపు మనిషి, కుర్రవాడు, మంచివాడు, ఈ ఎండకు ఉడికిపోతున్నవాడు. ఇంతకుముందు పనిచేసిన చర్చిలో హార్మోనియం దొంగలెత్తుకుపోయిన నాటి నుంచి ఆయన తాళం కప్ప లేనిదే అడుగు వేయడు. "సుసన్నమ్మ గారూ, ఫ్యాను పోతే ఎవరిది పూచీ?" అని రోజూ అడిగాడు. "నాదే ఫాదర్," అని రోజూ చెప్పింది.

రేపు బిషప్ వచ్చి పిల్లల నుదుట పరిశుద్ధ తైలం పూసి, విశ్వాసంలో స్థిరపరిచే అభ్యంగనం ఇస్తాడు. ఇవాళ సాయంత్రం ఫాదర్ ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతాడు. దీప రాకపోతే రేపు ఆమెకు అభ్యంగనం లేదు. బిషప్ మళ్లీ ఎన్నేళ్లకు వస్తాడో. అంతకన్నా, ఆ పిల్ల ఆ ఒక్క మాట మోసుకుని జీవితాంతం బయటే ఉండిపోతుంది. ఆ మాట తనది. సుసన్నకు సోడాతో దిగని మంట అదే.

షిఫ్టు దిగి ఆమె ఇంటికి పోలేదు. ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని నేరుగా పూలమ్మ క్వార్టరుకు పోయింది. దారిలో రెండు చోట్ల గోడ పట్టుకుని నిలబడింది. పూలమ్మ గడపలోనే ఎదురైంది.

"వస్తలేదక్కా. తెల్ల గౌను కుట్టిచ్చి పెట్టిన, ముట్టుకుంట లేదు. కొట్టిన కూడ."

"కొట్టుడెందుకు? తప్పు నాది."

దీప వెనక వరండాలో అంట్లు తోముతోంది. తలెత్తలేదు. సుసన్న ఆమె పక్కనే నేల మీద కూలబడి, ఊపిరి అందేదాకా ఊరుకుంది.

"మా నాయిన ఎప్పుడు బయటనే కూసునేటోడు," అంది దీప చివరికి, గిన్నెతో చెబుతున్నట్టు. "నేను లోపటికి పోతే ఆడ గూడ ఆయన బయటనే ఉంటడు గద? నాకద్దు. నేను గూడ బయటనే ఉంట."

ఇదే మాట సుసన్న తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో! ఎల్లేశం ప్రతి మే నెల మరియమ్మకు మల్లెదండ తెచ్చేవాడు. జ్ఞానస్నానం మాటెత్తితే, "నీ దేవుడు మంచోడే గని, మా ఎల్లమ్మ అలుగుతది. ఇద్దర్ని సముదాయించుడు నాతోని గాదే," అని నవ్వేవాడు. ఆయనను గోదావరి ఒడ్డున కాల్చారు. తనను సమాధుల తోటలో పూడుస్తారు. బూడిదకూ మట్టికీ కూడా పొత్తు లేదు. ఇన్నేళ్లు పిల్లలకు మోక్షం గురించి చెబుతూ ఆమె ఈ సంగతిని పక్కకు నెడుతూనే వచ్చింది.

"బిడ్డా, ఎల్లేశం కాకది గూడ గదే కథ," అంది. "నేను పోయిన వారం పుస్తకం మాట చెప్పిన. నా మాట చెప్పలే."

"నీ మాటేంది?"

"ప్రభువు సచ్చిపోయినంక యాడికి పోయిండు?"

"పాతాళానికి."

"ఆడ ఉన్నోళ్లు ఆయనకంటె ముందటోళ్లు. ఒక్కనికన్న జ్ఞానస్నానమున్నదా? లేదు. అయినా దిగిండా లేదా? మా ల్యాంపు రూముల షిఫ్టు అయినంక ఒక్క బిల్ల మిగిలిందనుకో, గా మనిషిది ఏ కులం, ఏ దేవుడు అని అడుగుతమా? ల్యాంపు పట్టుకొని దిగుడే. గాయన గూడ గట్లనే దిగిండని నేననుకుంట. మీ నాయిన కోసం, మా ఆయన కోసం."

దీప చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "నా బిల్ల ఉన్నదా?" అంది.

"వారం నుంచి తాళమెయ్యలే నీ గురించి. ఫాదర్ తోని తిట్లు తింటున్న. జల్ది గౌను ఏసుకో."

"గౌను రేపటికి," అంది పూలమ్మ వెనక నుంచి, ముక్కు తుడుచుకుంటూ.

సాయంత్రం ఫాదర్ చిన్నప్ప రేకుల గదిలోనే కుర్చీ వేయించుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి జవాబులు చెప్పారు. కొందరు గడగడా చెప్పారు, కొందరు నీళ్లు నమిలారు. సుసన్న గోడకానుకుని నిలబడి, పిల్లల పెదవులతో పాటు తన పెదవులూ కదిపింది. దీప అందరికన్నా చివర వచ్చింది.

"పాతాళానికి ప్రభువు ఎందుకు దిగాడమ్మా?"

దీప సుసన్న వైపు చూడలేదు. "బిల్ల తియ్యనోళ్లను తోలుకొచ్చేతందుకు."

ఫాదర్‌కు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. పిల్ల మళ్లీ అదే చెప్పి, తండ్రి సంగతి, వేపచెట్టు సంగతి కూడా చెప్పేసింది. ఆయన ముఖం ఎర్రబడింది. సుసన్న రెండడుగులు ముందుకొచ్చింది.

"నేనే చెప్పిన ఫాదర్. తప్పయితే నన్ను మానిపియ్యుండ్రి. పిల్లను ఆపకుండ్రి."

ఆమెకు ఈ తరగతి తప్ప ఇంకేమీ లేదని ఊరందరికీ తెలుసు, ఫాదర్‌కూ తెలుసు. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. వేపచెట్టు కింద కూర్చునే ఆ మనిషి ఆయన వచ్చిన కొత్తలో నమస్తే పెట్టేవాడు.

"మీరు చెప్పినట్టు పుస్తకంలో లేదు సుసన్నమ్మ గారూ," అన్నాడు చివరికి. "కానీ తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు." దీప వైపు వంగాడు. "అయితే అందరూ పైకి వచ్చేసినట్టేనా?"

"తాళమెయ్యలేదు గద ఫాదర్ ఇంక," అంది దీప.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "రేపు పెందరాళే రా," అని లేచి, చర్చి తలుపులు మూయడానికి వెళ్లాడు.

పిల్లలు బిల్లలు తీసుకుని ఎగబడి బయటికి పోయారు. దీప వారం పాటు వేలాడిన తన రేకు బిల్ల తీసి, దుమ్ము ఊది, గుప్పిట్లో పెట్టుకుంది.

"పోయొస్త టీచరమ్మా."

"పో బిడ్డా. రేపు నెత్తికి నూనె దట్టంగ పెట్టుకోకు. బిషప్ గారు పెట్టేదే చాలు."

పిల్ల పకపకా నవ్వుతూ పరుగెత్తింది. సుసన్న గోడకానుకుని చాప మీద కూర్చుంది. లేచి తన బిల్ల తీసుకోవాలి. ఇంత నీళ్లు తాగి లేద్దాం అనుకుంది. బయట పిల్లల గొంతులు గేటు దాటాయి. రొమ్ములో మంట తగ్గింది. ఆమెకు చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

ఫాదర్ తాళం కప్ప పట్టుకుని వచ్చాడు. "ఈరోజైనా వేయొచ్చా సుసన్నమ్మ గారూ?" అన్నాడు. ఆమె పలకలేదు. తల గోడకానించి ఉంది. ఆ పెద్ద చెయ్యి ఒళ్లోంచి కొంచెం ముందుకు చాచి, కిటికీలోంచి ఎవరికో ఏదో అందిస్తున్నట్టే ఉంది. ఆయన వంగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదలలేదు.

బిషప్ వచ్చాడు. పిల్లలందరికీ అభ్యంగనం అయింది. దీప తెల్ల గౌనులో, నూనె మెరిసే నుదురుతో నిలబడి ఏడ్చింది. సాయంత్రం సమాధుల తోటకు బాయి మనుషులు కూడా వచ్చారు. రాయమల్లు, "సోమవారం దాక ఆగకపోతివి గదక్కా," అని మట్టి వేశాడు.

తిరిగి వచ్చాక ఫాదర్ రేకుల గది ముందు ఆగాడు. చెక్క మీద మేకులన్నీ ఖాళీ. ఒక్క మేకు తప్ప. ఆ బిల్ల తీసి భద్రంగా దాచుదామని చెయ్యెత్తాడు.

"తియ్యకుండ్రి ఫాదర్," అంది దీప వెనక నుంచి. "టీచరమ్మ ఇంక లోపల్నే ఉన్నది."

ఆయన చెయ్యి దించాడు. తాళం కప్పను అంగీ జేబులో వేసుకుని, తలుపు ఊరికే దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. లోపల మేకుకు ఎల్లేశం నంబరు బిల్ల వేలాడుతూ ఉంది, సుసన్న బొటనవేలు రుద్దీ రుద్దీ అంకెలు సగం అరిగిపోయిన ఇత్తడి బిల్ల.