దుబాసీ భీమశంకర్

నల్లబల్ల మీద ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క మట్టికుండ గీసి భీమశంకర్ చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. బొమ్మలు అంత బాగా రాలేదు. కుండ మూతి ఒక వైపుకి ఒరిగిపోయింది. దాన్ని చూసి బెంచీల మీద కూర్చున్న నలుగురు ఇంజనీర్లూ నవ్వాపుకుంటున్నారు.

"బొత్తిగా వినపడనివాణ్ణి ఇంగ్లీషువాడు స్తంభంలా చెవుడంటాడు. ఫ్రెంచివాడు కుండలా చెవుడంటాడు. సూర్ కొమ్ అఁ పో. ఏదీ, అందరూ అనండి."

అందరూ అన్నారు. వెనక బెంచీలోంచి కూర్మారావు చెయ్యెత్తాడు. శ్రీకాకుళం వైపు కుర్రవాడు. ఏదీ అడక్కుండా ఒప్పుకునే రకం కాదు.

"కుండకి చెవుడేటండీ మాస్టారూ?"

"స్తంభానికి మాత్రం చెవులున్నాయేమిటయ్యా? మనం బ్రహ్మచెవుడు అంటాం. ఆయనకి నాలుగు తలకాయలు, ఎనిమిది చెవులు. అయినా చెవుడికి ఆయన పేరే తగిలించాం."

ఈసారి నవ్వు ఆగలేదు. భీమశంకర్ మాత్రం నవ్వలేదు. నవ్వించాలని అతను ఎప్పుడూ ఏమీ అనడు. బొమ్మలు తుడిచేసి బల్లని మూడు గడులు చేశాడు. మొదటిది ఇంగ్లీషుకి, రెండోది ఫ్రెంచికి, మూడోది తెలుగుకి. సన్నగా ఉన్నవాడు ఇంగ్లీషులో చెత్త లాగే దంతె, ఫ్రెంచిలో మేకు, మనకి చీపురుపుల్ల. బాగా తాగేవాడు ఇంగ్లీషులో చేప, ఫ్రెంచిలో గుంట. అదరిపోయి రంగు మారినవాడి ముఖం ఇంగ్లీషులో దుప్పటిలా, ఫ్రెంచిలో ఉతికిన బట్టలా తెల్లబడుతుంది. బ్లాఁ కొమ్ అఁ లాఁజ్. మరి తెలుగులో? ఎవరో 'ముఖంలో నెత్తురుచుక్క లేదు' అన్నారు. అదే రాశాడు.

"మాటని మోసుకెళ్లకండి. ఇంగ్లీషువాడు చేపని చూసినచోట ఫ్రెంచివాడు గుంటని చూశాడు. వాళ్ల ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాళ్ల కళ్లతో చూడండి."

షిఫ్టు సైరను మోగింది. ఇంజనీర్లు లేచారు. బిష్టుపూర్‌లో తెలుగు సంఘం హాలు వెనక గదిలో పొద్దున్నే జరిగే ఈ క్లాసు ఉక్కు కంపెనీ ఏర్పాటు. రెండు నెలల్లో వాళ్లు నలుగురూ ఫ్రాన్సు వెళ్లి కొత్త మిషను పని నేర్చుకురావాలి. ఇలా వెళ్లేవాళ్లకి భీమశంకర్ పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. తను మాత్రం కలకత్తా దాటి ఎటూ వెళ్లలేదు.

పొడుగాటి మెడ, ఆ మెడకి పై బొత్తాం వరకూ బిగించిన తెల్ల చొక్కా, సైకిలు గొలుసులో పడకుండా పంట్లాం అంచులకి క్లిప్పులు. యాభై అయిదేళ్లవాడు. ఎదురుగా నిలబడ్డా గొంతు సగమే వినపడుతుంది. యానాంలో పుట్టి, అక్కడి ఫ్రెంచి బళ్లో చదువుకున్నాడు. తండ్రి కోర్టులో దుబాసీ. ఫ్రెంచివాళ్లు ఊరొదిలి వెళ్లిపోయాక ఆ భాషకి ఊళ్లో పని లేకుండా పోయింది. ఎవరో చెబితే జంషెడ్‌పూర్ వచ్చాడు. ఇక్కడ ఫ్రాన్సు నుంచీ బెల్జియం నుంచీ మిషన్లొచ్చేవి. వాటితోపాటు లావుపాటి పుస్తకాలూ, వాటితోపాటు మనుషులూ వచ్చేవాళ్లు. పుస్తకాల్ని ఇంగ్లీషులోకి మార్చడం, మనుషుల మాటల్ని అటూ ఇటూ అందించడం, ఇదే ఉద్యోగం.

ఆ అందించడంలో అతనికో పట్టుదల ఉండేది. చాలాకాలం కిందట ఒక పెద్ద ఆఫీసరు బెల్జియం ఇంజనీరుతో మాటామాటా పెరిగి, "నువ్వొట్టి అబద్ధాలకోరువి" అన్నాడు. దుబాసీ దాన్ని కాస్త మెత్తబరిచి చెబుతాడనుకున్నాడు. భీమశంకర్ అన్నదన్నట్టు చెప్పాడు. ఇంజనీరు తిట్టిన తిట్టు కూడా అదే గొంతుతో తిరిగి చెప్పాడు. ఆనక ఆఫీసరు పిలిచి, "ముందూ వెనకా చూసుకోవద్దా?" అని కేకలేస్తే, "చూసుకోవడం మీ పనండి. నాది చెప్పడమే" అన్నాడు. ప్రమోషను ఆగిపోయింది. కానీ ఆ తర్వాత అతను చెప్పిన మాటని ఎవరూ రెండోసారి అడగలేదు.

సైకిలు హ్యాండిలుకి వేలాడుతున్న గిన్నె ఒలక్కుండా చూసుకుంటూ భీమశంకర్ ఆస్పత్రివైపు తొక్కాడు. పొద్దున భాలుబాసాలో ఇల్లు కదిలేటప్పుడు భార్య కస్తూరమ్మ దాన్ని చేతికిచ్చింది. ఆవిడది పలాస దగ్గరి పల్లె.

"చారు. ఉప్పూ కారం తగ్గించేసేను. దొరకి పడతాదో లేదో, రెండు చెంచాలు పట్టించండి. ఆస్పత్రి తిండి ఏం తింతాడు పాపం."

దొర అంటే మొసియే బెర్నార్. కొత్త మిషను నిలబెట్టడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ. అరవై దాటిన మనిషి. తలుపంత భుజాలు. రెండు వారాల కిందట మిషను పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. మిగతా ఫ్రెంచివాళ్లు పని ముగించుకుని అప్పటికే వెళ్లిపోయారు. డాక్టరు వచ్చే వేళకి అక్కడుంటే చాలునని కంపెనీ భీమశంకర్‌కి చెప్పింది. అతను క్లాసు కాగానే వచ్చి సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఎందుకని అడిగినవాళ్లు లేరు.

మొదట్లో బెర్నార్ మంచం మీద ఉండలేక విసుక్కునేవాడు. ఒకరోజు, "నాకు తోడేలంత ఆకలిగా ఉంది. మీ భాషలో ఏమంటారు?" అని అడిగాడు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయంటామని భీమశంకర్ చెప్పాడు. బెర్నార్ పెద్దగా నవ్వాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది. గది తుడుస్తున్న ఆయా సింహాచలమ్మ చీపురు ఆపేసింది.

"ఏటంతన్నాడు మేస్టారూ బెన్నారు దొర?"

"ఆకలేస్తోందిట."

"ఆకలేత్తే నవ్వుతారేటి, ఈలు!"

అప్పట్నుంచి రోజుకి రెండు మూడు మాటలు అటూ ఇటూ మారేవి. పొద్దుటి క్లాసులో మూడో గడి అలా పుట్టిందే.

ఇవాళ వరండాలోనే డాక్టర్ భుజంగరావు ఎదురయ్యాడు. తెనాలివైపు మనిషి, నెమ్మదస్తుడు. భీమశంకర్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"గుండె కండరం చాలామటుకు చచ్చిపోయిందండీ. కలకత్తా తీసుకెళ్దామన్నా దార్లోనే పోతాడు. ఇవాళో రేపో అన్నట్టుంది. రాత్రినుంచీ నర్సుల చేతులు పట్టుకుని సైగలతో అడుగుతున్నాడుట, నా సంగతేమిటని. దాచడం న్యాయం కాదు. నేను ఇంగ్లీషులో చెబుతాను. మీరు ఉన్నదున్నట్టు చెప్పండి."

"అలాగేనండి" అన్నాడు భీమశంకర్.

బెర్నార్ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇద్దర్నీ చూసి తల ఊపాడు. డాక్టరు మంచం చివర నిలబడి, తొందర లేకుండా, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాడు. చెప్పి భీమశంకర్‌వైపు తిరిగాడు.

"మొసియే..." అన్నాడు భీమశంకర్.

తర్వాత మాట రాలేదు. గుండె, కండరం, ఆశ, గడువు, ఏ మాటా అతనికి తెలియనిది కాదు. అన్నీ వరసగా గొంతుదాకా వచ్చి నిలబడ్డాయి. మనుషుల కోపాలూ బేరాలూ తిట్లూ ఆ గొంతులోంచి అడ్డు లేకుండా దాటిపోయాయి. ఇది దాటడం లేదు. చారుగిన్నె చేతిలో ఉందని గుర్తొచ్చి స్టూలు మీద పెట్టాడు.

బెర్నార్ డాక్టరుని చూడటం మానేసి అతని ముఖాన్నే చూస్తున్నాడు. చివరికి మూతి ఒక పక్కకి కదిలింది.

"బ్లాఁ కొమ్ అఁ లాఁజ్" అన్నాడు మెల్లిగా.

"ఏమన్నాడు?" అన్నాడు డాక్టరు.

"నా ముఖం ఉతికిన బట్టలా తెల్లబడిందంటున్నాడండి."

డాక్టరు తలొంచుకున్నాడు. బెర్నార్ ఇంకో మాట అన్నాడు. దాన్ని భీమశంకర్ ఎప్పటిలాగే ఉన్నదున్నట్టు చెప్పగలిగాడు.

"అర్థమైందని మీకు చెప్పమంటున్నాడు. థాంక్స్ చెప్పమంటున్నాడు."

డాక్టరు దగ్గరికొచ్చి బెర్నార్ చెయ్యి కాసేపు పట్టుకుని, వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చర్చి నుంచి ఫాదరీ వచ్చి వెళ్లాడు. బెర్నార్ రెండు చెంచాల చారు తాగాడు. మంచి నీళ్లలా ఉండే ఆస్పత్రి సూపు కంటే ఇది మనుషులు తాగేదిలా ఉందని, వండినావిడకి చెప్పమన్నాడు. బెర్నార్ భార్య పోయి ఆరేళ్లయింది. కొడుకు ఒక్కడు, రైల్వేలో ఉన్నాడు. "నొప్పి లేదని వాడికి తెలియజేయండి" అన్నాడు. భీమశంకర్ సరేనన్నాడు. కిటికీ బయట గుల్‌మొహర్ చెట్టు ఎండలో కదలకుండా ఉంది. గదిలో చప్పుడు లేదు.

"నలభై ఏళ్లు రోలింగ్ మిల్లులో బతికాను. ఈ నిశ్శబ్దం నాకు పడదు. మాట్లాడుతూ ఉండండి" అన్నాడు బెర్నార్.

"ఏం మాట్లాడమంటారు?"

"మీ భాషలో. పాఠం కాదు, మీ సొంత మాటలు. నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు."

భీమశంకర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో ఎప్పుడూ అతన్ని 'మీరు' అనేవాడు. తెలుగులో మొదలుపెట్టేసరికి తెలియకుండానే 'నువ్వు' వచ్చేసింది.

"మా అన్నయ్య వెంకటరావని ఉండేవాడు. నీలాగే పొడుగు. నీలాగే భుజాలు. ఫ్రెంచి పటాలంలో చేరిపోయాడు. యానాం రేవులో పడవెక్కుతూ, రెండేళ్లలో వచ్చేస్తానే అని మా అమ్మకి చెప్పాడు. సైగాన్ తీసుకెళ్లారు. అక్కడ జ్వరం తగిలిందిట. ఆస్పత్రిలో పోయాడని కబురొచ్చింది. అంతే. ఇంకో ముక్క లేదు."

బెర్నార్ కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. కొనసాగించమన్నట్టు దుప్పటి మీద వేళ్లు కొంచెం కదిలాయి.

"మా అమ్మ నన్నడిగేది. ఒరే, వాడికి దాహమేస్తే నీళ్లు ఏ భాషలో అడిగుంటాడ్రా అని. ఫ్రెంచిలో అడిగుంటాడమ్మా, వాడికి బాగా వచ్చుగా అనేవాణ్ణి. కాదురా, జ్వరంలో ఉన్న పిల్లాడికి అమ్మ మాటే వస్తుంది, అది అక్కడ ఎవరికి తెలుస్తుంది అనేది. పోయేదాకా అదే మాట. నేనేం చెప్పను? నాకేం తెలుసు? కస్తూరికి కూడా ఎప్పుడూ చెప్పలేదు ఈ సంగతి. ఎవడో ఒకడు పక్కన కూర్చునే ఉంటాడనుకుంటాను. మాట తెలియకపోయినా, నీళ్లగ్లాసు చూపించి ఇదేనా అని అడిగే ఉంటాడు. అలా అనుకోకపోతే ఎలా చెప్పు? నువ్విక్కడ పడ్డావని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. నీ మాట తెలిసినవాడు ఈ ఊళ్లో ఒక్కడన్నా ఉన్నాడు. నీకేం కావాలన్నా అడుగు..."

ఎంతసేపు మాట్లాడాడో అతనికి తెలియదు. రేవు గురించి చెప్పాడు. అన్నయ్య ఈదుకుంటూ గోదావరిలో ఎంత దూరం పోయేవాడో చెప్పాడు. తండ్రి కోర్టుకి వేసుకెళ్లే గంజిపెట్టిన కోటు గురించి చెప్పాడు. మాట ఎక్కడా తడుముకోలేదు. వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. సింహాచలమ్మ. తలుపు దగ్గర తడిగుడ్డ పట్టుకుని ఎప్పుడొచ్చి నిలబడిందో. ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి.

"మేస్టారూ, ఇంక ఊరుకోండి బాబూ. దొర ఇనటం నేదు."

భీమశంకర్ బెర్నార్‌ని చూశాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

"మీరు ఏరులో ఈదడం సెప్తన్నారు సూడండి, అప్పుడే ఎల్లిపోనాడు. నాను సూత్తానే ఉన్నాను. మద్దెలో ఆపడానికి నోరు రాలేదు" అని, ముందుకొచ్చి తన చేత్తో దొర కళ్లు పూర్తిగా మూసింది.

తర్వాత అంతా జరగవలసినట్టే జరిగింది. నర్సు వచ్చింది, డాక్టరు వచ్చాడు. కంపెనీ నుంచి మేనేజరు వచ్చి, కొడుకుకి టెలిగ్రాం ఫ్రెంచిలో రాయమన్నాడు. భీమశంకర్ వరండాలో నిలబడి, గోడకి కాగితం ఆనించి రాశాడు. మేనేజరు చెప్పిన రెండు వాక్యాలూ రాశాక, కింద నొప్పి లేదని రాశాడు. దాని కింద, ఒంటరిగా లేడని రాశాడు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. మేనేజరు కాగితం అందుకుని, అర్థం అడక్కుండానే జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి స్ట్రెచరు వెళ్లిపోయింది. దొర సామాన్ల పెట్టె జీపులోకి ఎక్కింది. భీమశంకర్ గిన్నె కోసం గదిలోకి వచ్చేసరికి సింహాచలమ్మ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచేసి, నేల తుడుస్తోంది. వంగి మంచం కిందకి చూసి ఆగిపోయింది.

"ఇవొగ్గేసినారు బాబూ. ఏటి సెయ్యమంతారు?"

"ఉండనీ అమ్మా. రేపు నేనొచ్చి తీసుకెళ్తాను."

ఆవిడ తడిగుడ్డని వాటి చుట్టూ తిప్పి, తగలకుండా తుడుచుకుంటూ తలుపువైపు జరిగింది. మంచం కింద, తడి ఆరుతున్న నేల మీద, పడిపోయిన రోజున ముడి విప్పకుండానే ఎవరో లాగేసిన పెద్ద తోలుబూట్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి, కుట్ల సందుల్లో కార్ఖానా ఎర్రదుమ్ముతో.